గొంతు దిగని సూపు

జూలై 7, సోమవారం

కొత్త సంవత్సరానికి ఆఫీసులో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ అలమరలో పడి ఉంది. ఎవరితోనైనా చెబితే ఏడుపొస్తోంది. రాసుకుంటే రాదేమో.

ఆసుపత్రిలో అమ్మ నోటికి కరెంటు, అదే రేడియేషన్, పెట్టడం మొదలై రెండు వారాలు దాటింది. నోరంతా పూసేసింది. అంగిట్లో పుండు చుట్టూ తెల్లగా పూత కట్టింది. పెదవుల మూలలు పగిలాయి. పొద్దున్న చోడి అంబలి ఇస్తే రెండు గుక్కలు మింగి, కళ్ళు గట్టిగా మూసుకుని, గ్లాసు నా చేతికి ఇచ్చేసింది.

డాక్టర్ గురునాథరావు గారు అమ్మని బయట బెంచీ మీద కూర్చోమని నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు.

"పోతమ్మగారు బాగా బరువు తగ్గుతున్నారు. ఇలాగే తగ్గితే కరెంటు మధ్యలో ఆపాల్సొస్తుంది. అది మంచిది కాదు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి కొన్నాళ్ళు ఆహారం ఎక్కిద్దాం. ఏమంటారు?"

వద్దన్నాను. అమ్మకి గొట్టమంటే భయమని చెప్పాను.

"అయితే నోటితోనే తినాలి మరి. మీరే చూసుకోవాలి," అన్నారు.

ఆహారం సంగతి చెప్పే మేడమ్ దగ్గరికి పంపారు. ఆవిడ చాలా ఓపికగా చెప్పింది. చేపలూ గుడ్లూ మింగలేనివాళ్ళకి పప్పులే బలమట. బఠాణీ పప్పు మెత్తగా ఉడికించి, కూరగాయ ముక్కలు వేసి, వడగట్టి, సూపు చేసి ఇమ్మంది. ఉప్పు, కారం, పులుపు, మిరియాలు వద్దు. గోరువెచ్చగా ఉండాలి. ప్యాకెట్ సూపులు కొనొద్దు, ఇంట్లోనే చెయ్యమంది. రోజుకి నాలుగైదు సార్లు.

బస్సులో అమ్మ అడిగింది. "డాకటరు ఏటన్నాడే?"

"బాగా తినమన్నారు."

గొట్టం మాట చెప్పలేదు. చెబితే బెంగపెట్టుకుంటుంది.

జూలై 8, మంగళవారం

పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. బఠాణీ పప్పు మా పేటలో దొరకదు. కొట్టతను రెండు రకాలు చూపించాడు, పసుపువీ పచ్చవీ.

"చాట్ బండెట్టినారేటమ్మా?"

"కాదు. సూపుకి."

"సూపా? బఠాణీ బద్దల్తోటా? ఎవులు తాగుతారమ్మా?"

"మా అమ్మ. ఒంట్లో బాగోలేదు."

అతను పచ్చవే తూచాడు. "ఇవి తీయగుంతాయి. రేతిరి నానబెట్టీయండి. నేకపోతే కుక్కర్లో ఎంత ఈల ఏసినా గట్టిగుండిపోతాయి," అన్నాడు.

నానబెట్టాను. బఠాణీలు నీళ్ళలో మునిగి ఉంటే అదేదో పని అయిపోయినట్టే అనిపించింది. ఈ సూపు కుదిరితే చాలు.

జూలై 9, బుధవారం

కుదరలేదు.

ఆనపకాయ ముక్కలూ, ఒక క్యారెట్టూ, చిన్న ఉల్లిపాయా వేసి కుక్కర్లో పెట్టాను. మిక్సీ పట్టి, నెయ్యి వేసి, వాసనకి కొంచెం జీలకర్ర నలిపి వేశాను. రంగు బాగానే వచ్చింది. చల్లారేసరికి సిమెంటులా బిగుసుకుపోయింది. నీళ్ళు పోసి మళ్ళీ కలిపితే ఉండలు కట్టింది.

అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా, "బాగుందే," అంది. నేను వంటింట్లోకి వెళ్ళొచ్చేసరికి గుడ్డలోకి ఉమ్మేస్తోంది. ఆ గుడ్డలో జీలకర్ర పలుకులు కనబడ్డాయి. నాకవి పలుకులు. ఆ నోటికి సూదులు.

జీలకర్ర ఇంక వెయ్యను.

జూలై 10, గురువారం

పాత పంచె గుడ్డలో వడగట్టాను. గంజి కలిపి పల్చన చేశాను. అమ్మ సగం గ్లాసు తాగింది! అయ్యేదాకా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఒక్కో గుక్కకీ గొంతు ముడి పైకి లేచి దిగుతుంటే నేనూ మింగుతున్నాను. దాదాపు గంట పట్టింది. పట్టనీ.

జూలై 12, శనివారం

మళ్ళీ సగం గ్లాసు.

పడుకుని అమ్మ మొహమే చూస్తూ ఉన్నాను. నా చిన్నప్పుడు అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీల్లో తిరిగేది. "సేపలమ్మా... సేపలో..." అని మొదటి వీధిలో కేక పెడితే మూడో వీధిలో గిన్నెలు పట్టుకుని వచ్చి నిలబడేవారు. ఆ గొంతు ఇప్పుడు పక్క మంచానికి కూడా వినబడదు.

మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, చుట్టలు కాల్చేవారా అని అడిగారు. అడ్డపొగ అని చెప్పింది అమ్మ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారని కొత్తగా వచ్చిన చిన్న డాక్టరుకి అర్థం కాలేదు. "నిప్పు లోపలెందుకమ్మా?" అన్నాడు.

"సముద్రం గాలికి ఆరిపోద్ది బాబూ. మా అమ్మ అలగే కాల్సింది. మా అత్తా అలగే కాల్సింది," అంది అమ్మ.

రోగం పేరు చెప్పిన రోజే చుట్టల కట్ట తీసుకెళ్ళి ఒడ్డున పారేసి వచ్చింది. అమ్మ గట్టి మనిషి. గొట్టమొక్కటే ఆవిడకి భయం.

జూలై 14, సోమవారం

బరువు మళ్ళీ తగ్గింది. సూపు తాగుతున్నా ఎందుకు తగ్గుతుంది? కిందటిసారి చెప్పులతో ఎక్కించినట్టున్నారు. ఈసారి చెప్పులు విప్పించారు. అదే అయ్యుంటుంది.

రేపటి నుంచి ఆఫీసుకి వెళ్ళాలి. సెలవులు అయిపోయాయి. పొద్దున్నే కరెంటు పెట్టించి, అమ్మని ఇంట్లో దింపి, మధురవాడ బస్సెక్కితే మధ్యాహ్నం షిఫ్టు అందుతుంది. టీమ్ లీడర్ ఒప్పుకుంది. సూపు పెద్ద ఫ్లాస్కులో పోసి మంచం పక్కన పెడతాను.

"నువ్వెల్లే. నాను తాగుతాను కదా," అంది అమ్మ.

జూలై 15, మంగళవారం

ఫోన్లలో కస్టమర్లు ఏం అడుగుతున్నారో చెవికెక్కలేదు. ఒకాయనకి పక్కవాళ్ళ బిల్లు వివరాలు చెప్పబోయి ఆపుకున్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఫ్లాస్కు ఎత్తి చూశాను. ఖాళీ!

జూలై 16, బుధవారం

ఫ్లాస్కు ఖాళీ.

జూలై 17, గురువారం

ఖాళీ. ఈ రోజు గుమ్మడికాయ ముక్క కూడా వేశాను. పోలమాంబ తల్లికి దండం పెట్టుకున్నాను.

జూలై 19, శనివారం

మా ఆయన దొరబాబు బోటు హార్బరుకి వచ్చింది. వేట నిషేధం ఎత్తేశాక ఇది మూడో వేట. మావ నవ్వుకుంటూ వచ్చాడు, చేతిలో కానాగంత చేపల సంచి. అత్తకి పులుసంటే ప్రాణం కదా అని ఏరి తెచ్చాడు. గుమ్మం దాటాడో లేదో అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. వాంతి ఆపుకుంటోంది.

మావ అక్కడే నిలబడిపోయాడు. "అత్తా, నానే. దొరబాబుని."

అమ్మ చేత్తో వెళ్ళమని సైగ చేసింది.

చేపల మధ్యే పుట్టి, చేపలమ్ముకుని నన్ను చదివించిన మనిషి. ఆ వాసనే ఇప్పుడు పడటంలేదు. మావ సంచి పట్టుకెళ్ళి ఎవరికో ఇచ్చేసి, వీధి కొళాయి దగ్గర సబ్బు అరిగేదాకా స్నానం చేసి వచ్చాడు. అయినా లోపలికి రాలేదు, అరుగు మీద కూర్చున్నాడు.

"ఏటే దుర్గా, అత్త ఇలగైపోయింది? సూపు తాగతందన్నావు కదేటి ఫోన్లో."

"తాగుతోంది మావా. మందుల వల్ల అలా కనబడుతోంది."

"తాగితే ఇలగుంతాదేటి మనిసి?"

కోపం వచ్చింది. నెలకి పది రోజులు కూడా ఇంట్లో ఉండని మనిషికి ఏం తెలుసు? రోజూ ఫ్లాస్కు కడుగుతున్నది నేను.

జూలై 21, సోమవారం

బరువు ఇంకా తగ్గింది. అమ్మ చీర నడుముకి ఇంకో చుట్టు తిరుగుతోంది.

డాక్టరు గారు నన్ను అడిగారు. "ఏం తీసుకుంటున్నారు?"

"బఠాణీ సూపు సార్. రోజూ ఫ్లాస్కు నిండా. మొత్తం తాగేస్తుంది."

ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ కిటికీ వైపు చూసింది.

"దుర్గగారూ, గొట్టం..." అని ఆయన మొదలుపెట్టేసరికి నేను మధ్యలోనే, "ఇంకొక్క వారం సార్," అన్నాను. "నెయ్యి పెంచుతాను. పాలపొడి కలుపుతాను."

ఒప్పుకున్నారు. మొహంలో ఒప్పుకోలేదు.

మావ వేటకి వెళ్ళిపోయాడు.

జూలై 23, బుధవారం

నెయ్యి రెండు చెంచాలు. ఫ్లాస్కు ఖాళీ.

బరువు తూచే మిషన్ పాతది. వేరేచోట తూయించాలి.

జూలై 25, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కరెంటు పెట్టించి తిరిగొచ్చాక కొళాయి దగ్గర పక్కింటి శ్రీసత్య నీళ్ళు పట్టుకుంటోంది. ఏడో నెల. బిందె ఎత్తబోతుంటే నేను అందుకున్నాను.

"అక్కా, నిన్న సూపులో నెయ్యెక్కువేసినావు కదా? ఎంత కమ్మగుందో," అంది.

నాకు అర్థం కాలేదు. "ఏ సూపు?"

"నువ్వు సేత్తావు కదక్కా, బఠాణీలది. మద్దేనం పెద్దమ్మ కిటికీలోంచి పిలుత్తాది. మిగిలిపోతంది, తాగీయమంతాది. మొదట్లో నాను ఒద్దన్నాను. పారబోత్తే పాపం అంది. మా డాకటరమ్మ కూడా సెప్పింది, ఈ నెల బరువు బాగా పెరిగినావని." చెబుతూ చెబుతూ నా మొహం చూసి ఆగిపోయింది. "ఏటక్కా? తాగకూడదేటి?"

"తాగు. తాగొచ్చు," అన్నాను. బిందె ఆ పిల్ల గుమ్మంలో పెట్టి ఇంట్లోకి వచ్చాను.

అమ్మ మంచం మీద కూర్చుని జుట్టు చిక్కు తీసుకుంటోంది. దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చింది. ఆ పరిస్థితిలో ఉన్న మనిషి మీద నేను అరిచాను. పేటంతా వినబడేలా అరిచాను.

"నన్ను పిచ్చిదాన్ని చేసినావా అమ్మా? తెల్లారగట్ల లేచి ఉడకబెడతన్నాను. గుడ్డలో పిండి పిండి ఏళ్ళు కాయలు కాసినాయి. నువ్వు ఊరోళ్ళకి పంచిపెడతన్నావా?"

అమ్మ దువ్వెన పక్కన పెట్టింది. "ఊరోల్లకి కాదు. కడుపుతో ఉన్న పిల్లకి."

"సచ్చిపోదామనుకుంటన్నావా?"

"సావాలనుంటే రోజూ కరెంటుకెందుకెల్తానే?"

అమ్మే మాట్లాడింది. ఒక్కో మాటకీ ఆగి, ఉమ్ము మింగలేక గుడ్డతో తుడుచుకుంటూ.

"మింగలేకపోతన్నానే దుర్గా. గాజు పెంకులు మింగినట్టుంతాది. రుసీ నేదు, ఏటీ నేదు, మట్టి తిన్నట్టే. అయినా తాగుదావనే సూత్తాను. నువ్వు ఎదురుగా కూకుని నా గొంతు కేసి సూత్తావు. నీ మొకం సూత్తే దిగేది కూడా దిగదు. తాగలేదంటే నువ్వు ఏడుత్తావు. అందుకని ఆ పిల్లకిచ్చీసినాను."

"ఏడిస్తే ఏడుస్తాను! నువ్వు తాగకపోతే గొట్టం వేస్తామన్నారు తెలుసా? నెలరోజులుగా..." నెలరోజులు కాదు. కోపంలో అలా అన్నాను. "నీకు గొట్టమంటే భయమని నేనే ఆపుతున్నాను. నువ్వేమో..."

"ఏ గొట్టం?"

అమ్మకి తెలీదు కదా. నేను చెప్పలేదు కదా.

"ముక్కులోంచి పొట్టలోకి. నాన్నకి వేశారే, అలాంటిది."

అమ్మ నన్ను చూసింది. కోపంగా కాదు.

"నాకు బయవని నీకెవులు సెప్పారే?"

ఆఫీసుకి టైమైందని లేచి వచ్చేశాను.

జూలై 26, శనివారం

గొట్టం అవసరం రాదు. ఇప్పుడు అసలు సంగతి తెలిసింది కాబట్టి మార్గం దొరికినట్టే. ఎదురుగా కూర్చోను. ఇంకా పల్చగా చేస్తాను. ఐసు ముక్కతో చల్లార్చి, చిన్న చెంచాతో ఇస్తాను.

అమ్మ నిన్నటి మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూలై 27, ఆదివారం

నేను వంటింట్లో ఉన్నాను. చూడకూడదని గోడవైపు తిరిగి నిలబడ్డాను. దగ్గు వినబడింది. మామూలు దగ్గు కాదు. వెళ్ళేసరికి అమ్మ మంచం కోడు పట్టుకుని వంగిపోయి ఉంది, ఊపిరి అందటంలేదు, ముక్కులోంచి పచ్చగా సూపు కారుతోంది. పెదవులు నల్లబడ్డాయి. వీపు మీద కొట్టాను. అమ్మా అమ్మా అని అరవడం తప్ప నాకేం తోచలేదు. శ్రీసత్య ఆ కడుపుతో పరుగెత్తుకొచ్చి అమ్మని ముందుకు వంచి పట్టుకుంది. కాసేపటికి ఊపిరి ఆడింది.

తాగుదామనే చూసింది. నాకోసం పెద్ద గుక్క తీసుకుంది.

ఇప్పుడు పడుకుంది. ఒళ్ళు కాలుతోంది. నేను ఆ గోడకి ఆనుకుని కూర్చుని రాస్తున్నాను. కళ్ళు మూస్తే నాన్న కనబడుతున్నాడు. అప్పుడు నాది ఇంటర్ రెండో ఏడు. పెద్దాసుపత్రి వార్డులో ముక్కుకి ప్లాస్టరు, చెంప మీదుగా గొట్టం. నన్ను చూసి ఏదో చెప్పబోయాడు, గొట్టం అడ్డం. ఆ వారమే పోయాడు. ఆ గొట్టం వేసిన మనిషి మళ్ళీ ఇంటికి రాడని ఆ రోజు నుంచి నా లోపల ఉండిపోయింది.

అమ్మకి భయమని రాశాను. ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూడను.

జూలై 28, సోమవారం

డాక్టరు గారు ఈసారి నన్ను అడగలేదు. కుర్చీ అమ్మ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"పోతమ్మగారూ, సన్నటి గొట్టం ముక్కులోంచి పొట్టలోకి వేస్తాను. నోరు మానేదాకా అందులోంచి ఆహారం. మానాక తీసేస్తాం. వేసేటప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. మీకు ఇష్టమేనా?"

"ఏసీయండి బాబూ. ఎప్పుడో ఏసీవలసింది," అంది అమ్మ.

"అమ్మా!" అన్నాను.

అమ్మ నా వైపు చూడకుండా డాక్టరుతోనే చెప్పింది. "అమ్మాయిని బైటుంచండి. దానికి బయం."

లోపల ఉంటానని చెప్పాలి. చెప్పలేదు. బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. తలుపు వెనక అమ్మ వాంతి చేసుకోబోయిన చప్పుడు, నర్సు "మింగండి, మింగండి" అనడం వినబడ్డాయి. తర్వాత ఏమీ వినబడలేదు. ఏమీ వినబడకపోవడమే భరించలేకపోయాను.

పిలిచారు. అమ్మ ఎత్తుగా దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. ముక్కుకి ప్లాస్టరు. నాన్నలా ఉంటుందనుకున్నాను. లేదు. అమ్మలాగే ఉంది, కొంచెం చిరాగ్గా.

"ఇలగ రా," అంది. వెళ్ళాను. "మీ అయ్య గొట్టం వల్ల పోనేదే. అప్పటికే ఆయన పనైపోయింది. మనవే ఆలీసం సేసినాం. నెలరోజులు ఆకలో అని ఏడిసినోడు, ఆ గొట్టం ఏసినాకే కడుపు నిండి పడుకున్నాడు. నీతో అదే సెప్పబోయాడు. నీకు తెలీదు, సిన్నపిల్లవి."

వరండాలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. నర్సు సిరంజీ చేతికిచ్చి, "ఇప్పుడు మీరు నేర్చుకోవాలి," అంది.

జూలై 30, బుధవారం

ఆసుపత్రి నుంచి వచ్చేశాం. జ్వరం తగ్గింది. రేపటి నుంచి మళ్ళీ కరెంటు.

ఇంట్లో మొదటిసారి. సూపు రెండుసార్లు వడగట్టాను, మొదట జల్లెడతో, తర్వాత పంచె గుడ్డతో. చెంచాలో తీసి పోస్తే నీళ్ళలా జారాలన్నారు. అమ్మని నిటారుగా కూర్చోబెట్టాను. సిరంజీ గొట్టానికి తగిలించి, నెమ్మదిగా పోశాను. పచ్చటి సూపు గొట్టంలో దిగేదాకా చూశాను. చివర్న కాసిన్ని నీళ్ళు పోసి మూత పెట్టాను.

అమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మ. నోట్లో పడకుండానే కడుపు నిండీసిందే," అంది.

తర్వాత నిద్రపోయింది. నెల్లాళ్ళలో అమ్మ గురక పెట్టడం ఇదే మొదటిసారి.

ఆగస్టు 2, శనివారం

రెండు గంటలకోసారి. ఆఫీసుకి జీతం లేని సెలవు పెట్టాను.

గొట్టం జారిపోతే? ఊపిరితిత్తుల్లోకి పోతే? ప్రతిసారీ ముక్కు దగ్గర పెన్నుతో పెట్టిన గుర్తు చూస్తున్నాను. అక్కడే ఉంటోంది. అయినా చూస్తున్నాను.

ఆగస్టు 5, మంగళవారం

గొట్టం మూసుకుపోయింది.

తొందరపడి ఒక్కసారే వడగట్టాను. సిరంజీ నొక్కితే కదలదు. సూపు అలా మధ్యలో నిలబడిపోయింది. గట్టిగా నొక్కేస్తే ఏమవుతుందో అన్న భయం, నొక్కకపోతే మళ్ళీ గొట్టం తీసి కొత్తది వెయ్యాలన్న భయం. మావ ఆ పొద్దున్నే ఒడ్డుకొచ్చాడు. ఈసారి ఒంటికి వాసన లేకుండా హార్బరులోనే స్నానం చేసి వచ్చాడు. "ఆటో పిలుత్తాను, ఎల్దాం పద," అన్నాడు.

నేను ఆసుపత్రికి ఫోన్ చేశాను. నర్సు చెప్పింది: గోరువెచ్చని నీళ్ళు, కొంచెం తొయ్యి, కొంచెం వెనక్కి లాగు, బలం వాడకు, ఓపిక పట్టు.

మావ అత్త చెయ్యి పట్టుకున్నాడు. నేను తోశాను, లాగాను, తోశాను. అమ్మ నా మొహం చూస్తోందని తెలిసింది. మొహం మామూలుగా పెట్టాలని చూశాను. కుదరలేదనుకుంటా.

"కంగారు పడకే. నాకేటీ నొప్పి నేదు," అంది అమ్మ.

ఒక్కసారి గుటుక్కున దిగిపోయింది. మావ గట్టిగా నవ్వేశాడు. నేను చివర్న నీళ్ళు పోసి మూత పెట్టాను.

ఆగస్టు 11, సోమవారం

బరువు కొంచెం పెరిగింది. మిషన్ మంచిదే.

ఆగస్టు 14, గురువారం

కరెంటు ఈ రోజుతో అయిపోయింది. మధ్యలో రెండు మూడు రోజులు తప్ప ఆగలేదు. డాక్టరు గారు అమ్మకి చెయ్యి కలిపారు. అమ్మ ఆ చెయ్యి వదలకుండా, "బాబూ, ఇది ఎప్పుడు తీత్తారు?" అని గొట్టం చూపించింది. నోరు మానాలన్నారు. అప్పటిదాకా ఇదే.

బస్సులో ఎవరో చిన్నపిల్ల గొట్టం కేసి భయంగా చూస్తుంటే అమ్మ కన్ను గీటింది.

సెప్టెంబరు 7, ఆదివారం

చాలా రోజులైంది రాసి. రాయాలనిపించలేదు. రాయాల్సినంత భయం లేదనుకుంటా, లేదా భయపడడానికి తీరిక లేదు. నానబెట్టడం, ఉడకబెట్టడం, వడగట్టడం. పూర్ణా మార్కెట్ కొట్టతను ఇప్పుడు నేను అడక్కుండానే పచ్చవి తూస్తాడు. "అమ్మకెలగుంది?" అంటాడు. "పరవాలేదు," అంటాను. పరవాలేదనే అనిపిస్తోంది.

పూత చాలామటుకు తగ్గింది. అంగిలి గులాబీ రంగులోకి వచ్చింది.

సెప్టెంబరు 19, శుక్రవారం

శ్రీసత్యకి మగపిల్లాడు. నెల ముందే పుట్టినా బాగానే ఉన్నాడు. అమ్మ చెప్పింది, "ఆ పిల్లకి ఓ గిన్నెడు సూపట్టుకెల్లు. పాలు పడతాయి." పట్టుకెళ్ళాను. ఈసారి దాచి ఇవ్వక్కర్లేదు.

సెప్టెంబరు 29, సోమవారం

గొట్టం తీసేశారు. నేను లోపలే ఉన్నాను. నర్సు ప్లాస్టరు ఊడదీసి, ఒక్క లాగు లాగింది. ఇంత పొడవా అనుకున్నాను. అమ్మ రెండుసార్లు తుమ్మి, ముక్కు రుద్దుకుని, "అయిపోయిందేటి?" అంది.

నెమ్మదిగా నీళ్ళు, గంజి, తర్వాత పల్చటి సూపులు. రుచి మాత్రం ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు డాక్టరు గారు. కొందరికి నెలల్లో, కొందరికి ఏడాదికి. కొందరికి పూర్తిగా రాదు. వచ్చే నెలాఖరుకి స్కాన్. అప్పుడు గానీ అసలు సంగతి తెలీదు.

స్కాన్ ఏ రోజని రెండుసార్లు అడిగాను. అమ్మ విని, "అప్పుడు సూద్దాం లే," అంది.

అక్టోబరు 1, బుధవారం

గంజి తాగింది. నేను వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. దగ్గు కోసం చెవి ఒగ్గి ఉన్నాను. దగ్గలేదు.

అక్టోబరు 5, ఆదివారం

పొద్దుటి నుంచీ ముసురు. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. మావ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. సూపు చేసి గ్లాసులో పోసి అమ్మకిచ్చాను. ఇచ్చి, చెంబు కడగాలని వెనక్కి తిరిగాను. ఇప్పుడు అలవాటైంది, చూడను.

చెంబు కడిగాను. తర్వాత పిలిచింది. "దుర్గా."

"ఏటమ్మా?"

"ఇదేటే?"

"సూపు. బఠాణీలది. రెండు నెలలపాటు నీకు గొట్టంలోంచి ఎక్కించింది ఇదే."

"ఇదేనా?" గ్లాసు లోపలికి చూసింది. ఇంకో గుక్క తీసుకుని నోట్లోనే ఉంచుకుంది. నుదురు ముడి పడింది. నొప్పి అనుకున్నాను. గుడ్డ తీసుకుని దగ్గరికి వెళ్ళాను. అమ్మ మింగేసింది.

"దీంట్లో ఉప్పేదే? ఒట్టి సప్పిడి. ఇదెలగ తాగిందే ఆ శ్రీసత్య?"

"తెలుస్తోందా అమ్మా? ఉప్పు లేదని నీకు తెలుస్తోందా?"

"ఉప్పు నేకపోతే తెలీదేటి?" అని విసుక్కుంది. విసుక్కుంటూనే ఆగింది. నా వైపు చూసింది. గ్లాసు వైపు చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి.

అరుగు మీంచి మావ లేచి గుమ్మంలోకి వచ్చాడు. "ఏటైంది?"

"ఏటీ నేదు. నీ పెల్లానికి వంట రాదు," అంది అమ్మ. గొంతు బొంగురుగానే ఉంది, కానీ అరుగు దాకా వినబడింది.

వంటింట్లోకి వెళ్ళాను. ఉప్పు డబ్బా పట్టుకుని కాసేపు అక్కడే ఉండిపోయాను. తర్వాత చిటికెడు తెచ్చి వేసి, కలిపి ఇచ్చాను.

అమ్మ తాగి చూసింది. "ఇంకొంచెం," అంది.

వేశాను.